గడ్డకూ దుంపకూ నడుమ నేను

ఆ రోజుల్లో మా వైపు ఏది తెరిచి ఉంటుందో, ఏది మూసి ఉంటుందో పొద్దున్నే వీధిలోకి తొంగి చూస్తే గానీ తెలిసేది కాదు. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో, ఇంకొకనాడు నడిరోడ్డు మీద వంటావార్పు. ప్రత్యేక రాష్ట్రం కోసం అందరూ రోడ్డెక్కిన ఆ కాలంలో నేనూ రోడ్డు మీదే ఉన్నాను. కాకపోతే నా చేతిలో జెండాకు బదులు ధరల పట్టిక ఉండేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంగళ్లలో కూరగాయలూ పప్పులూ ఏ ధర పలుకుతున్నాయో, ఎన్ని బస్తాలు దిగుతున్నాయో వారం వారం రాసి గణాంకాల ఆఫీసుకు పంపడం నా ఉద్యోగం. (ఉద్యోగమంటే తాత్కాలికమే. మూడు నెలలకోసారి పెద్దసారు పొడిగింపు కాగితం మీద సంతకం పెడితేనే ఊపిరి.) సంతకం పడకపోతే ఏమవుతుందో బాపు (అంటే మా నాన్న) ముందే చెప్పి ఉంచాడు. సిరిసిల్లలో ఆయనకు నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. "టమాటలు లెక్కవెట్టుడు గూడ నౌకరేనారా? ఈసారి కాయితం రాకుంటే సప్పుడు జెయ్యక అచ్చి సాంచాల కాడ నిలవడు" అనేవాడు. సాంచాల కాడ సప్పుడు చేయకుండా ఎలా ఉంటారో నాకు తెలియదు గానీ, లెక్కల్లో డిగ్రీ పుచ్చుకున్నవాణ్ని, అక్కడికి మాత్రం వెళ్లదలుచుకోలేదు.

ఆ ధరల పట్టిక ఎక్కడో పైన అచ్చయి వచ్చేది. అందులోని పేర్లు మా నోట్లో తిరిగేవి కావు. గోరుచిక్కుడంటే మా గోకరకాయ అనీ, అలసందలంటే మా బబ్బెర్లు అనీ, వేరుశనగంటే మా పల్లికాయ అనీ వారం తిరక్కుండానే కనిపెట్టి, రెండు తెలుగులూ వచ్చినవాణ్నని కాలరెగరేశాను. ఆ ఊపులోనే 'కంద' అన్న వరుస ఎదురైంది. ఇందులో కనిపెట్టేదేముంది, కందగడ్డే! అచ్చువేసినవాళ్లు చోటు చాలక 'గడ్డ'ను మింగేశారనుకున్నాను. (ఉద్యమకాలం కదా, మా గడ్డను ఎవరో మింగారనే అనుమానం తొందరగానే వచ్చేది.) కొంచెం కిందగా 'చిలగడదుంప' అని ఇంకొకటి ఉంది. ఆ పేరు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. చిలకలు తినేదేదో అయి ఉంటుందనుకొని, దానికెదురుగా 'ఈ ప్రాంతంలో దొరకదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. అడగొచ్చు కదా అంటారేమో. అన్నీ తెలిసినవాడు ఎవరిని అడుగుతాడు?

శివరాత్రి దగ్గరపడింది. ఉపవాసాలకు ఉడకబెట్టుకోవాలి కదా, ఊరూరా కందగడ్డలు బస్తాలకు బస్తాలు దిగాయి. నేనూ 'కంద' వరుసను నింపుతూ పోయాను. అప్పుడే ఓ ఉదయం పెద్దసారు స్వయంగా చేతిసంచితో వచ్చి నా ముందు నిలబడ్డారు. ఆయనది కోనసీమ.

"ఏమోయ్, నీ రిపోర్టు చూస్తే నోరూరిందయ్యా. ఇటు బదిలీ అయ్యాక కంద బచ్చలి కూర కళ్లజూడలేదు. కోరుట్లలో అంత కంద దిగుతుందంటే నాకు తెలీనే తెలీదు! పద, నాలుగు కిలోలు కొనుక్కుని, నీ కాగితం మీద అక్కడే సంతకం పెట్టేస్తాను."

సాంచాలంటే భయపడే నాకు ఆ సంచిని చూస్తే కొండంత ధైర్యం వచ్చింది.

కోరుట్లలో ఆ రోజు వంటావార్పు. రోడ్డుకడ్డంగా పొయ్యిలు, డప్పులు, పాటలు. పక్కనే, వారం వారం నాకు ధరలు చెప్పే గడ్డల అవ్వ తన కుప్పలు పోసుకొని కూర్చుంది. (ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, కందగడ్డ తప్ప ఇంకేదీ అమ్మేది కాదు కాబట్టి ఆ పేరు.)

"కంద ఏదమ్మా?" అన్నారు సారు.

"కండ్ల ముంగటనే వెట్టుకొని ఏదంటవేంది సారూ?"

సారు ఎర్రటి కుప్పను చూశారు. "కందంటే ఏనుగు పాదమంత ఉండాలి. ఇవి చిలగడదుంపలు కదా!"

"చిలగ... ఏందీ? గవి మాకాడ దొరుకయ్."

అచ్చం నా రిపోర్టే మాట్లాడినట్టుంది. సారు మెల్లగా నా వైపు తిరిగారు. "అంటే, నువ్వు రాసిన కందంతా..."

"కందగడ్డ సార్."

"మరి చిలగడదుంప దొరకదని రాశావే?"

"చిలకలు తింటాయేమో అనుకున్న సార్."

"నీ దుంప తెగ!" అన్నారు. (ఏ దుంపో చెప్పలేదు.) "ఈ జిల్లాలో కంద సాగు ఇంకా పెంచాలని పైకి సిఫారసు కూడా చేశానయ్యా!"

సారు జేబులోంచి సగం బయటికొచ్చిన పొడిగింపు కాగితం మళ్లీ లోపలికి పోయింది. నా చెవుల్లో సాంచాల చప్పుడు మొదలైంది.

"గాయన గట్ల ఎగురుతండేందిరా?" అంది అవ్వ.

"కందగడ్డను వేరే వరుసల రాసిన అవ్వా. నా నౌకరి పోయేటట్టున్నది."

అవ్వ తక్కెడ పట్టుకొనే లేచింది. "ఏ సారూ! పిలగాడు నేను చెప్పిందే రాసిండు. తప్పు వానిది గాదు, మీ కాయితానిది. గడ్డ మాదైతే పేరు మీరెట్ల వెడుతరు?"

వంటావార్పు కాడి కుర్రాళ్లకు చివరి మాటే వినబడింది. "గడ్డ మాదే! పేరు మాదే!" అని అందుకున్నారు. డప్పు దానికి తోడైంది. వాళ్లు తెలంగాణ గురించి, అవ్వ కందగడ్డ గురించి, నేను నా నౌకరి గురించి, ముగ్గురమూ ఒకే నినాదం మీద నిలబడ్డాం. పెద్దసారు ఒక్కరే సంచిని గుండెలకు అదుముకున్నారు.

"ఆగుండ్రి బాడ్కావ్, నేను గడ్డల బేరం జేత్తున్న!" అని అవ్వే వాళ్లను గదిమి, ఉడికిన కందగడ్డ ఒకటి ఆయన చేతిలో పెట్టింది. "తిను కొడుకా. తిన్నంక ఏం పేరు వెట్టుకుంటవో వెట్టుకో."

సారు ఊదుకుంటూ తొక్క తీశారు. తిన్నారు. ఇంకొకటి అడిగి తిన్నారు. తరవాత పట్టిక తీసి, 'చిలగడదుంప' పక్కన రెండు వంకర గీతలు గీసి, వాటి మధ్య 'కందగడ్డ' అని రాశారు. "బ్రాకెట్లో పెట్టానమ్మా. చాలా?"

"గదేంది?"

"పక్కనే చిన్న గది లాంటిది. అటో గోడ, ఇటో గోడ."

అవ్వ ఆలోచించింది. "మంచిది. ముందుగాల లోపటికి రానియ్యి. గోడల సంగతి మేం సూసుకుంటం."

ఆయన పగలబడి నవ్వి, అక్కడే ఆలుగడ్డల బస్తా మీద కాగితం పరిచి సంతకం పెట్టారు. శిక్ష లేకపోలేదు. మూడు నెలల పట్టికలన్నీ తిరిగి రాసి, కందగడ్డను కంద ఇంట్లోంచి ఖాళీ చేయించి సొంతింటికి చేర్చాను. బాపు ఆ కాగితం చూసి, "గడ్డలు లెక్కవెట్టుమంటె పేర్లే మార్చుకొచ్చిండు" అని సాంచాల వైపు వెళ్లిపోయాడు. ఆయన నవ్వుతున్నాడని వెనకనుంచి చూసినా తెలిసింది.

రాష్ట్రం వచ్చింది. అవ్వ లేదు. ఇప్పుడు నేనే ఎవరికో పెద్దసారును. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఫోనులో పట్టిక చూపించి, "సార్, గీ స్వీట్ పొటాటో జగిత్యాలల దొరుకుతదా? లేదని కొట్టేద్దునా?" అని అడిగింది. ఆమె ముఖంలో నాకు బాగా తెలిసిన ధీమా ఒకటి కనబడింది. 'నీ దుంప' దాకా వచ్చిన మాటను మింగేసి, బజారుకు తీసుకెళ్లి ఉడికినవి రెండు కొనిచ్చాను. తింటూ, "అడిగి మంచిగ జేసిన గద సార్" అంది. అవును, నాకంటే తెలివైనది.

ఆ ఫోనులో ఎంత వెతికినా బ్రాకెట్ పెట్టే చోటు దొరకలేదు. అందుకే ఇక్కడ పెట్టుకుంటున్నాను.

(కందగడ్డ.)