రెండోసారి జరిగితేనే నమ్మే వైకుంఠరావు

మా వైకుంఠరావు మాస్టారు ఏ సంగతైనా ఒక్కసారి జరిగితే నమ్మరు. రెండోసారి కూడా జరగాలి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని ఆయన ఒప్పుకున్నది కూడా, నాకు తెలిసి, రెండో రోజునే.

ఒడిశాలోని బరంపురంలో మేమిద్దరం ఒకే కాలేజీలో, ఒకే గదిలో కూర్చుని పనిచేశాం. గేట్ బజార్లో కొన్న చొక్కాని ఆయన ఇంటికి తెచ్చి ఉతికేవారు. రంగు పోలేదని తేలాక మళ్ళీ ఉతికి, అప్పుడు తొడుక్కునేవారు. ఈలోగా అది పాత చొక్కా అయిపోయేది.

తన పెళ్ళిలో మూడుముళ్ళూ వేసి, "ఇంకోపాలి ఎయ్యాలా?" అని అడిగితే, పురోహితుడు "దీనికి రెండోసారి లేదు బాబూ" అన్నాడట. ఆయన భార్య భారతీదేవిగారే ఈ ముచ్చట చెప్పి, ఆ లెక్కన తానింకా ఆయనకి రుజువవ్వలేదని వాపోయేవారు.

ఆయన చేసే పరిశోధన కూడా ఆ స్వభావానికి తగ్గదే. కంప్యూటర్లో సమాచారం దాచే గుండ్రటి పళ్ళెం ఒకటుంటుంది. దాని మీద కార్బన్ పూత, ఆ పూత మీద కంటికి ఆననంత పల్చని నూనె పొర. వేడెక్కితే ఆ నూనె అణువులు తెగిపోతాయి, పళ్ళెం పాడైపోతుంది. ఎక్కడ తెగుతున్నాయో చూడలేం కనక, ఆ పరమాణువులన్నిటినీ కంప్యూటర్లో పేర్చి, లెక్కల్లోనే వేడిచేసి చూసేవారు మాస్టారు. ఒక్కో లెక్క వారాల తరబడి నడిచేది. హమ్మయ్య, అయిందనుకునేసరికి "ఇంకోపాలి" అనేవారు.

హేమ ఆయన దగ్గర పరిశోధన చేసేది. సముద్రం ఒడ్డున పల్లె. తండ్రి కాసులు చేపల వేటకెళ్ళే మనిషి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. ఆ పిల్ల లెక్కలో, తప్పకుండా తెగుతుందని అందరూ అనుకునే వేడిలో కూడా నూనె తెగలేదు. సంబరంగా వెళ్ళి పరిశోధన కమిటీకి చెప్పేసింది, మా గదికి మిఠాయి తెచ్చింది. మాస్టారు మిఠాయి ముట్టకుండా, పూతని కొత్తగా పేర్చి మళ్ళీ నడిపించమన్నారు.

ఈసారి నూనె ముక్కలు ముక్కలైంది.

కమిటీ వాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. హేమ మా గదికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. "మీకు నా మీద నమ్మకం నేదు సార్" అంది. మర్నాటి నుంచి ఆ పిల్ల రావడం మానేసింది. ఊళ్ళోవాళ్ళతో సూరత్ వెళ్ళి బట్టల మిల్లులో చేరుతుందని తెలిసింది.

కమిటీ కూర్చునే రోజున కాసులు కాలేజీకొచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మికి సదువు రాదా ఏటి మాస్టారూ? అదే మాట సెప్పెయ్యండి. సూరత్ పంపేత్తాం."

మాస్టారు కాసుల్ని బలవంతాన కూర్చోబెట్టి కమిటీ గదిలోకి నడిచారు. నేనూ ఆ కమిటీలో ఉన్నాను. కమిటీకి పెద్దాయన ఒడియాలో మర్యాదగానే చెప్పారు: అమ్మాయి ఫెయిలైంది, ఇంక గడువు పెంచడం దండగ.

"ఎన్నిసార్లు ఫెయిలైంది?" అన్నారు మాస్టారు.

ఒకసారి, అన్నారు పెద్దాయన.

"ఒక్కసారి జరిగినదాన్ని నేను నమ్మను."

ఎవరూ నవ్వలేదు. రెండు లెక్కలకీ తేడా వచ్చిందంటే మధ్యలో ఏదో ఉందని, అదేమిటో ఆ పిల్లే కనిపెట్టాలని, మళ్ళీ ఓడిపోతే పేరు కొట్టెయ్యమని తానే సంతకం పెడతానని మాస్టారు చెప్పారు. కమిటీ వాళ్ళు గడువిచ్చారు.

ప్రయోగాల పరీక్షలో చేతులు వణికి గాజుసామాను పగలగొట్టిన పిల్లలూ, తాగొచ్చి కాళ్ళమీద పడ్డ ప్యూనూ అప్పుడు నా కళ్ళముందు మెదిలారు. వాళ్ళందరికీ ఆయన దగ్గర రెండో అవకాశం దొరికేది. మేమంతా దాన్ని చాదస్తం అనుకుని నవ్వుకున్నాం.

హేమ తిరిగొచ్చింది. రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. మొదటిసారి కార్బన్ పూతనంతా హైడ్రోజన్ కప్పేసి ఉంది. రెండోసారి అక్కడక్కడా బోసిగా ఉంది. ఆ బోసిచోట్లకే నూనె అంటుకుని తెగుతోంది. అంటే రెండూ నిజమే. ఆ మాట మీదే డాక్టరేటు వచ్చింది.

ఆ సంతోషంలో కాసులు మాస్టారినీ నన్నూ పడవెక్కించి సముద్రంలోకి తీసుకెళ్ళాడు. కెరటాలు దాటకముందే మాస్టారు వాంతులు మొదలుపెట్టి, ఒడ్డు చేరేదాకా ఆపలేదు. కాసులు పాపం ఆయన్ని పట్టుకుని దింపి, ఇసకలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చాడు.

"సంద్రం మీకు పడదు మాస్టారూ. ఇంకెప్పుడూ పడవెక్కకండి."

మాస్టారు రుమాలుతో మూతి తుడుచుకుని, కాస్త ఊపిరి పీల్చుకుని, పడవ మళ్ళీ ఎప్పుడు బయల్దేరుతుందని అడిగారు.