నేల తెలిసిన పాదం

ఈ ఉదయం ల్యాబు అప్పుడే తడిగుడ్డతో తుడిచి ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెట్టగానే బండల చలి అరికాళ్ల నుంచి పిక్కలదాకా పాకింది. ఇలాంటి చలి తగిలినప్పుడల్లా నాకు రాజేశ్వరి మేడం గుర్తుకొస్తారు. ఈ చలి ఆమెకు తెలిసేది కాదు.

వికారాబాద్‌లో నేను పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఆమె మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. తల వంచుకుని తన కాళ్లనే చూసుకుంటూ నడిచేవారు. ఎదురుపడి నమస్తే పెట్టినా, ముందు ఆగి, ఆ తర్వాతే తలెత్తేవారు. మోమిన్‌పేట్ నుంచి బస్సులో వచ్చే నాకు ఆమె ఎవరితోనూ కలవని మనిషనిపించేది. చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆమే గైడుగా వచ్చాక అసలు సంగతి తెలిసింది. షుగరు వల్ల ఆమె అరికాళ్లలో స్పర్శ పోయింది. ఒక ఎండాకాలం కాలిన బండల మీద నడిచి ఇంట్లోకి వచ్చాక, గచ్చు మీద మరకలు చూస్తే గాని పాదం బొబ్బలెక్కి, అవి చితికాయని తెలియలేదట. ఆ పుండు మానక బొటనవేలు తీసేశారు. ఇంకో పుండు పడితే పాదమే పోతుందని డాక్టర్లు చెప్పారు. ఇదంతా ఆమె వైర్లు అతుకుతూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పారు.

నేను చేసిన నాలుగు కాళ్ల రోబో పిల్లికూనంత ఉండేది. బల్ల మీద చక్కగా నడిచేది. మేడం దాన్ని బయట గులకరాళ్ల మీద పెట్టించారు. రెండడుగులకే బోర్లా పడింది. మోటార్లు మార్చాలన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

“మోటార్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. దానికి కాళ్లున్నయి గని కింద నేల లేదు. నా లెక్కనే నడుస్తున్నది.”

నిజమే, కాలు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో ముందే రాసిపెట్టిన ప్రకారం అది నడిచేది. కింద రాయి ఉందో గుంట ఉందో దానికి పట్టదు. ప్రతి పాదం కింద ఒత్తిడిని పసిగట్టే చిన్న సెన్సర్ పెట్టి, దాని మీద రబ్బరు ముక్క అతికించాం. నేల తగిలిందని పాదం చెప్పేదాకా దాని మీద బరువు వేయకూడదు. మేడం పెట్టిన నియమం అదొక్కటే.

సెలవుల్లో తాండూరులోని వాళ్లింటి పెరట్లో నాపరాయి ముక్కలు ఎగుడుదిగుడుగా పరిచి దాన్ని నడిపించేవాళ్లం. ఎన్నిసార్లు పడిందో. ఒక సాయంత్రం అది ముందుకాలు మోపిన ముక్క కదిలి ఒరిగింది. ఎప్పటిలాగే పడుతుందని చెయ్యి చాపాను. మేడం నా చెయ్యి పట్టి ఆపారు. రోబో ఆగింది. కాలు వెనక్కి తీసుకుని, పక్కన మెల్లగా దించి తడిమింది. అక్కడ ఏమీ లేదు. ఇంకాస్త జరిపి మళ్లీ దించింది. రాయి తగిలింది. అప్పుడు బరువు వేసి ముందుకు కదిలింది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే, ప్రతి వరుసా నాకు తెలుసు. అయినా వంగి దగ్గరగా చూశాను. చీకట్లో గడప వెతుక్కునే మనిషి కాలు అచ్చం అలాగే కదులుతుంది.

“దానికి తెల్సింది బిడ్డా,” అన్నారు మేడం. తర్వాత మెల్లగా అడిగారు, “నాక్గూడ పెడ్తవా?”

ఆమె మెత్తటి బూట్లలో అవే సెన్సర్లు అమర్చి, తీగలు పిక్కకు కట్టిన పట్టీకి కలిపాం. మడమ ఆనితే పట్టీలో ఒకచోట, వేళ్ల వైపు ఆనితే ఇంకోచోట సన్నగా అదురుతుంది. మొదట్లో అంతా గందరగోళమే. ఏ అదురు ఏమిటో తెలియక ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయేవారు. పట్టు మాత్రం వదల్లేదు. కొన్ని వారాలకు, అదే పెరట్లో, తల దించకుండా ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు. గోడ మీది గోరింకలను చూస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. నడుస్తున్నప్పుడు ఆమె ముఖాన్ని పూర్తిగా చూడటం నాకదే మొదటిసారి. నేల ఎట్లుంది మేడం అని అడిగాను.

“ఎట్లుంటదో మర్చిపోయిన. గని ఉన్నదని తెలుస్తున్నది. గంతే చాలు.”

ఆ తర్వాత ఇంకో పుండు పడలేదు. గుండెజబ్బుతో పోయేదాకా మేడం తన కాళ్ల మీదే తిరిగారు. నేనిప్పుడు నడిచే యంత్రాలకు పాదాలు చేస్తున్నాను. గాలిలో ఉన్న కాలు నేలకు ఆనగానే, తెర మీద సున్నా దగ్గరున్న ఒత్తిడి గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. పక్కనున్నవాళ్లు ఆ అంకె రాసుకుని మరో పనిలో పడతారు. నేను మాత్రం, రోజుకు ఎన్నిసార్లు చూసినా, ఆ గీత లేచేదాకా ఊపిరి బిగబట్టే ఉంటాను.