సీసం లేని తూటా

ఆమె పేరు అడగలేదు. అడగాల్సింది. జర్మనీలో, ఇల్మెనౌ నుంచి ఎర్ఫుర్ట్ వెళ్లే రైల్లో, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఎదురు సీట్లోకి వచ్చి కూర్చుంది. ఇల్మెనౌలోనే మాస్టర్స్ చదివానంది. థీసిస్ దేనిమీద అని అడిగితే గుప్పిట తెరిచింది. అరచేతిలో నాలుగు రేకులుగా విచ్చుకున్న రాగి ముక్క.

"వేట తూటా కొసన ఉండే గుండు ఇది అన్నా. ఇంతకుముందు సీసంతోని చేసేటోళ్లు. జింకకు తాకంగనే పొడిపొడి అయ్యేది. వేటగాళ్లు అడవిల పారేసిన పేగులు తిని, ఆ సీసం విషానికి గద్దలు సచ్చేటివి. రాగి అయితే పగలదు, ఇట్ల పువ్వులెక్క విచ్చుకుంటది. ఏడాది దీనిమీదనే పనిచేసిన."

"మరి ఉద్యోగం?"

"తూటాల కంపెనీలు మన పాస్‌పోర్టు చూసి వద్దంటున్నయి. మిగిలినోళ్లు నా బయోడేటాల తూటా అన్న మాట చూసి వద్దంటున్నరు. వచ్చే నెల వీసా అయిపోతది."

"పోనీలే, గద్దలన్నా బతికాయి కదా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అన్నాక తెలిసింది.

ఆమె కోప్పడలేదు. రేకులు గుచ్చుకుంటాయని కూడా చూడకుండా గుప్పిట బిగించింది.

"అవునన్నా. గద్దలు బతుకుతయి. తూటా ఏదైనా జింక సచ్చేదే. దాని సంగతి ఎవ్వరడిగిన్రు?"