మూడుసార్లు తెగిన గీత

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ముఖం మీదే నవ్వి ఏడిపించేవాణ్ణి నేను. రుజువు చూపించండి, అప్పుడు నమ్ముతాననేవాణ్ణి. ఇప్పుడు రుజువు నా దగ్గరే ఉంది, ఎవరికీ చూపించలేకపోతున్నాను.

అంబత్తూరులో మా ఆఫీసు. నెట్‌వర్క్ ప్రయోగాల కోసం చెన్నై అంతటా చిన్న చిన్న పెట్టెలు పెట్టాం. వేగం ఎక్కడ తగ్గుతోంది, ఎక్కడ ఆగుతోంది అని ఒక్కో పెట్టె క్షణక్షణం కొలిచి పంపుతుంది. ఆ కొలతలన్నీ పోగుచేసి తెర మీద గీతలుగా చూపే సాఫ్ట్‌వేర్ నేను రాసిందే.

పెట్టెలు బిగించేది, బాగుచేసేది రాయపురం దానియేలన్న. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా సార్ అనేవాడు. పని అవగానే తీగను మూడుసార్లు పీకి పెట్టేవాడు. నా తెర మీద గీత మూడుచోట్ల తెగేది. వెంటనే నేను ఫోన్ చేసి "కనపడిందన్నా, వచ్చెయ్" అనాలి. ఆ మాట వినందే అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

మొన్నటి వానల్లో, గీతలు అతుకుల బొంతలా ఉన్నాయని పైవాళ్లు విసుక్కున్నారు. చిన్న చిన్న ఖాళీలను సాఫ్ట్‌వేరే పూడ్చేసేలా మార్చాను. ఆ సంగతి దానియేలన్నకు చెప్పడం మర్చిపోయాను.

మర్నాడు ఆయన ఎన్నూరు వెళ్లాడు. గోదాములో ఉన్న పెట్టె. గదిలో చీలమండల లోతు నీళ్లు. నేనిక్కడ టీ తాగుతూ తిన్నని గీత చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి కబురొచ్చింది, కరెంటు కొట్టి పోయాడని.

అసలు రికార్డు తీసి చూశాను. మూడేసి చొప్పున తొమ్మిదిసార్లు పీకి పెట్టాడు. నా ఫోన్ కోసం ఆ నీళ్లలోనే నిలబడ్డాడు. తప్పు నీదేనని ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది.

ఖాళీలు పూడ్చే ఆ ముక్కను ఆ రోజే తీసేశాను. కాలిపోయిన పెట్టెను తెచ్చి నా సొరుగులో పెట్టుకున్నాను.

నలభై రోజులు దాటాక, ఒక పొద్దున పదకొండు గంటలప్పుడు ఎన్నూరు పెట్టె పేరుతో గీత మొదలైంది. మూడుసార్లు తెగింది.

సొరుగు తెరిచాను. పెట్టె అలాగే ఉంది, లోపలంతా మసి. ఆ పేరు పొరపాటున వేరే పెట్టెకు పడిందేమోనని వెతికాను, పడలేదు. ఎవరైనా ఆట పట్టిస్తున్నారా అంటే, పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. అంతలో గీత మళ్లీ మూడుసార్లు తెగింది.

ఆయన నంబరు నొక్కాను. అవతల ఎత్తగానే "కనపడిందన్నా, వచ్చెయ్" అనేశాను.

ఎత్తింది ఆయన భార్య మరియమ్మ.

"మీరు ఫోను చేసేదాకా ఆడ నుంచి కదలడు సార్ ఆయన," అంది. "ఆ దినం ఎందుకు చెయ్యలా?"

తెర వైపు చూశాను. గీత ఆగిపోయి ఉంది.

మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ పొద్దున అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎంత తల బద్దలుకొట్టుకున్నా నాకు అంతుపట్టలేదు. మరియమ్మ అడిగినదానికి మాత్రం జవాబు తెలుసు. ఇంకా చెప్పలేదు.