మేడం వడకట్టి పారేసిన మోత

కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన మేడం పోయారు. నేను పనిచేసే స్కూల్లో ప్రేయర్ ముగుస్తుండగా ఆమె తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. నిద్రలోనే" అన్నాడు. ఆ రోజంతా ఏడ్చాను. ఇప్పుడు మాత్రం ఏడుస్తూ రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. మేడం ఇల్లున్న బ్రూస్‌పేటలో ఆమె కోసం పెట్టిన సంతాపసభలో జరిగింది మీకు చెప్పాలి. అంతకంటే ముందు ఆమె ఏం చేసేవారో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

మెరుపు మెరిసినప్పుడు వెలుగు, ఉరుముతో పాటు రేడియో అలలు కూడా పుడతాయి. ఎక్కడో దూరదేశంలో పడిన పిడుగును కూడా ఒక పొడవాటి కడ్డీ, చిన్న రిసీవరు, హెడ్‌ఫోన్లు ఉంటే ఇక్కడ కూర్చుని వినవచ్చు. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. చీకటి పడ్డాక ఆ చిటపటల్లో కొన్ని సాగి పిట్టకూతల్లా మారతాయి. ఎప్పుడో ఒకసారి ఒక అల భూమిని వదిలి చాలా దూరం పోయి, పైనుంచి కిందికి జారే ఈలలా తిరిగి వస్తుంది. మన ప్రాంతంలో అది మరీ అరుదు. ఆ ఈల కోసం మేడం తన ఉద్యోగకాలమంతా చెవులు అప్పగించి కూర్చున్నారు.

దానికి అడ్డం కరెంటు. తీగలున్న ప్రతిచోటా ఎడతెగని గుమ్మనే మోత వచ్చి, ఆకాశం నుంచి వచ్చేదాన్ని మింగేస్తుంది. అందుకే ఆమె తెల్లవారకముందే ఊరి బయట రూపనగుడి వైపు, తీగలు లేని చేలల్లోకి పోయేవారు. అక్కడ రికార్డు చేసుకున్నదాంట్లో అప్పటికీ మిగిలిన మోతను ఇంటికొచ్చి కంప్యూటర్లో ఫిల్టర్లతో వడకట్టేవారు. ఫిల్టరును మరీ బిగిస్తే మోతతో పాటు ఆకాశం కూడా కొంత పోతుంది. అందుకని తీసేసిన మోతను కూడా ఆమె విడిగా దాచి వినేవారు. "పారేసేదాన్ని గూడా వినల్ల. మనకు కావాల్సింది దాంట్లో పోయిందేమో చూసుకోవల్ల" అనేవారు.

ఈ పనికి ఆమెకు దక్కిన మర్యాద ఇదీ. పెళ్లి చేసుకోని ఆడమనిషికి ఆ వేళప్పుడు చేలల్లో ఏం పనని కాలేజీ స్టాఫ్‌రూంలో నవ్వుకున్నారు. ఒకసారి నేనూ వెంట ఉన్నప్పుడు, మేం నిధి వెతుకుతున్నామని నలుగురు మనుషులు చుట్టుముట్టారు. ఒకడు కడ్డీ పీకేశాడు.

"ఏంది మేడం, ఈడ భూమిలో ఏముండాది? మాకూ జెప్పండి."

ఆ చేను రైతు పరుగెత్తుకొచ్చాడు. "సుమ్నే ఉండప్పా, గమ్మునుండు. ఆయమ్మ చూసేది కిందికి గాదు, పైకి" అన్నాడు. మేడం కడ్డీ తిరిగి పాతి, పీకినవాడి చెవులకే హెడ్‌ఫోన్లు పెట్టారు. అతను చాలాసేపు తీయలేదు.

ఒక తెల్లవారుజామున సన్నగా జారిన ఈల నాకు వినిపించినట్టే అనిపించింది. "మేడం, వచ్చింది" అన్నాను. ఆమె ఆ రికార్డు ముక్కను ఎన్నోసార్లు విన్నారు. ఫిల్టరు సడలించి విన్నారు, బిగించి విన్నారు. చివరికి తల అడ్డంగా ఊపారు. "ఈల మాదిరే ఉండాది. ఫిల్టరే అట్ల మోగించిందేమో తెలీదు. తెలీనిదాన్ని విన్నానని నేను చెప్పను." ఆ తర్వాత కూడా ఎవరడిగినా వినలేదనే చెప్పారు. అంత ఆశపడినదాన్ని అలా వదులుకోవడం ఎంత కష్టమో నేను పక్కనుండి చూశాను.

ఇక సభ సంగతి. స్టాఫ్‌రూంలో నవ్వినవాళ్లలో ఒక పెద్దమనిషే మైకు ముందు నిలబడి, మేడం ఆకాశపు ఈల విన్న మహాతపస్విని అన్నాడు. ఆమె ఒప్పుకోని మాటను ఆమె ఫోటో ముందే అన్నాడు. తర్వాత తమ్ముడి కొడుకు ఆమె లాప్‌టాప్‌లో దొరికిన శబ్దం వినిపిస్తానన్నాడు. స్పీకర్లలోంచి గుమ్మని మోత మొదలైంది. "ఇది సృష్టిలోని ఓంకారం. మా అత్త దీన్ని పట్టుకుంది" అన్నాడు. జనం చేతులు జోడించారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

అది కరెంటు మోత. ఆమె వడకట్టి, వేరే ఫైల్లో పెట్టిన చెత్త.

నేను లేచాను. "ఆపు. అది మేడం పట్టుకున్నది కాదు, తీసేసింది. ట్రాన్స్‌ఫార్మర్ మోత అది."

అతను నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, జనం కండ్లల్లో నీళ్లు పెట్టుకుంటాండారు. ఇప్పుడెందుకిది? అత్తను పెద్ద జేస్తాంటే నీకేమి కష్టం?"

"ఆమెను పెద్ద చేయడానికి ఆమె పనంతా అబద్ధం చేయాల్నా?"

రూపనగుడి రైతు వెనక వరసలో ఉన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. "ఆ పాప చెప్పేది నిజమప్పా. మా బోరుకాడ కరెంటు డబ్బా ఇట్లే మోగుతాది."

ఎవరో నవ్వారు, ఎవరో విసుక్కున్నారు. నా చేయి పట్టి కూర్చోబెట్టారు. మోత మాత్రం ఆపలేదు. మర్నాటికి అది మేడం ఫోటోతో, వెనక వేణునాదం కూడా కలిపి, నా ఫోనుకే వచ్చింది. ఆమె బతికి ఉండగా ఒక్క పూట కూర్చుని వినని ఊరు, పోయాక ఆమె పారేసినదానికి దండం పెడుతోంది. నా కోపం చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు.

మేడం ఎవరని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్క సాయంత్రం గురించి. చీకటి పడుతుండగా బ్రూస్‌పేట మొత్తం కరెంటు పోయింది. వీధంతా ఉసూరుమంది. మేడం మాత్రం చేతిలోని అన్నం కంచం కింద పెట్టి, చేయైనా కడగకుండా రిసీవరు పట్టుకుని మిద్దె మీదికి పరుగెత్తారు. నేను వెనకే పోయాను. ఎదుటి మిద్దె మీద ఒకాయన కరెంటువాళ్లను పెద్దగా తిడుతున్నాడు. మేడం హెడ్‌ఫోన్లలో ఒక చెవిది నాకిచ్చి, అన్నం అంటిన చేయి ఆయన వైపు ఎత్తి, ఆగమన్నట్టు చూపించారు. ఎందుకో తెలియకపోయినా ఆయన ఆగాడు. చీకట్లో తల పైకెత్తి, ఆయన కూడా వినసాగాడు.