యాభై కాయలు, నాలుగు వందల ముక్కలు

ఆ రోజుల్లో వేసవి సెలవులంటే మా ఇంటిల్లిపాదికీ ఆవకాయ పని. అలాంటి ఒక్క పూటలో నేను పోగొట్టుకున్నవి ఇప్పటికీ వరుసగా చెప్పగలను: ఎడమకాలి చెప్పు, ఒక గొడుగు, మా పిన్నికి నా మీదున్న నమ్మకం, లెక్కల మీద నాకున్న నమ్మకంలో సగం.

నాకప్పుడు పదమూడేళ్లు. మల్కాజ్‌గిరి నుంచి బస్సులో పిన్నీ నేనూ మోండా మార్కెట్‌కు వెళ్లాం. పిన్ని నొక్కి, వాసన చూసి యాభై కాయలు ఏరింది. కాయలు కొట్టేవాడితో ఏదో చెప్పి, నన్నక్కడ నిలబెట్టి, "కన్నార్పకురా. పక్కవాళ్ల ముక్క ఒక్కటి కలిసినా జాడీ అంతా బూజు పడుతుంది. మూడిళ్లవాళ్లు ఏడాదంతా తినాలి," అని ఆవపిండి కొనడానికి వెళ్లింది. కాయకు ఎనిమిది చొప్పున నాలుగు వందల ముక్కలు రావాలి. (నాకు ఎక్కాలు ఎవరూ నేర్పలేదు. బస్సు టిక్కెట్ల మీది అంకెలు కూడుతూ నేనే నేర్చుకున్నాను, అందుకే అంత పొగరు.) కొట్టడం అయ్యాక లెక్కపెడితే మూడు వందల ఎనభై నాలుగే ఉన్నాయి. పక్కనే ఒకామె తన ముక్కలు సంచిలోకి ఎత్తుకుంటోంది.

"అమ్మా, మావి పదహారు మీ సంచిలో పడ్డాయండీ."

"ఏందిరా, నేనేమన్న దొంగలెక్క కనిపిస్తున్ననా?"

"పోరడు ఏడ్చేటట్టున్నడు. జెర ఇచ్చెయ్ అక్కా, ఎనక గిరాకీ ఉన్నది," అన్నాడు కొట్టేవాడు.

"తీస్కో. నీ లెక్కలు పాడుగాను," అంటూ ఆమె పదహారు ఎంచి నా బుట్టలో వేసింది.

ఆమె మనసు మార్చుకుంటుందేమోనన్న భయంతో పిన్ని రాగానే తొందరపెట్టి, ఇద్దరం కదులుతున్న బస్సెక్కేలా చేశాను. గొడుగూ చెప్పూ పోయింది అప్పుడే. ఇంట్లో పిన్ని ముక్కలకు కారం, నూనె పట్టిస్తుంటే నా ఘనకార్యం చెప్పుకున్నాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎనిమిది కాయలు చిన్నవిరా. వాటిని కాయకు ఆరు ముక్కలే కొట్టమని నేనే చెప్పాను. మరి మార్కెట్లో ఆమెవి పదహారూ ఏవి?"

"కలిసిపోయాయి పిన్నీ."

పిన్ని ముక్కలను తన వైపు లాక్కుని తనే కలిపేసింది. ఆ వేసవంతా రోజూ జాడీ గుడ్డ విప్పి బూజు కోసం వెతికాను. వారం తిరక్కముందే రెండుసార్లు మార్కెట్‌కు వెళ్లి ముక్కలిచ్చిన ఆమె కోసమూ వెతికాను. బూజు పట్టలేదు, ఆమె కూడా దొరకలేదు. అంత మంచి ఆవకాయ ఎన్నడూ తినలేదని మూడిళ్లవాళ్లూ అన్నారు. నేను మాత్రం ముక్క పక్కకు పెట్టి గుజ్జే కలుపుకునేవాణ్ణి.

ఇప్పటికీ ఏటా అక్కడే కాయలు కొట్టిస్తాను. వరుసలో పెద్దావిడ ఎవరైనా కనిపిస్తే ముఖంలోకి చూస్తాను, వాళ్లు సంచి దగ్గరకు లాక్కుంటారు. నవ్వొస్తుంది. ఆమెకు నేనింకా ఇవ్వాల్సినవి పదహారు ముక్కలు.