మరియమ్మ టికెట్టు మీద సువార్తమ్మ

గన్నవరంలో రెండో విమానం కంపెనీ దిగుతోందన్న కబురు మా సత్తెనపల్లికి, నాకు తెలిసి, మొదట తెచ్చింది కారు నడిపే సుభాని అన్న. కరోనా భయం తగ్గి జనం మళ్ళీ ప్రయాణాలు మొదలుపెట్టిన ఏడాది అది. బస్టాండు పక్క సందులో నా టికెట్ల గది తెరిచి కూర్చున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, "మీరాబీ, ఇక చూడు! బెంగుళూరికి ఇద్దరు పోటీ పడతన్నారంట. ఏసీ బస్సు టికెట్టు డబ్బులు పెడితే విమానం ఎక్కొచ్చంట," అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. కొన్నాళ్ళకే ఆ మాట నిజమైంది.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. ఏకిన దూదిని చాప మీద పలచగా పరిచి, దాని మీద నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఇంగ్లీషు అక్షరాలు పాత రైల్వే టైంటేబుల్లో నేర్చుకున్నాను. ఆ కాస్త చదువుతోనే ఇన్నేళ్ళుగా రైలు, బస్సు, విమానం టికెట్లు చేసి బతుకుతున్నాను. పొద్దున్నే బిస్మిల్లా అని కంప్యూటర్ తెరుస్తాను, సాయంత్రం ఆ పైవాడికి దండం పెట్టుకుని మూస్తాను.

విమానం టికెట్టుకి నిలకడ ధర ఉండదు. సీట్లు నిండేకొద్దీ పెరుగుతుంది, పోటీవాడు తగ్గిస్తే తగ్గుతుంది. దీన్ని డైనమిక్ ఫేర్ అంటారు. మిర్చి యార్డుకి ఒక్కసారి వెళ్ళొచ్చినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అంతకుముందు నా దగ్గర విమానం టికెట్టు కొన్నది జిన్నింగ్ మిల్లుల వాళ్ళు, మిర్చి ఎగుమతులు చేసేవాళ్ళే. ఇప్పుడు పాత కంపెనీ పొద్దున తగ్గిస్తే కొత్త కంపెనీ మధ్యాహ్నానికి ఇంకాస్త తగ్గించేది. దాంతో కూలిపని చేసుకునేవాళ్ళు కూడా నా గది మెట్లెక్కి, "మేమూ ఎక్కొచ్చా అమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు.

అలా వచ్చినావిడే మరియమ్మ. మా పక్క పల్లెలో మిర్చి కాయ కోతలకి, పత్తి తీతలకి కూలీల ముఠా నడిపే మనిషి. ఆమె కూతురు రూతు బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరు ఆపరేషనుకి రోజు పెట్టాడు, సాయంత్రం నాలుగింటికి. అల్లుడు లారీ వేసుకుని అస్సాం వైపు వెళ్ళాడు, ఆ లోపు తిరిగి రాలేడు. ఆస్పత్రిలో ఇంటి మనిషి ఒకరు ఉండాలన్నారు. రూతు అయితే, మనవాళ్ళు ఒకరు పక్కన లేందే లోపలికి పోనని ఫోన్లో ఏడ్చిందట. పత్తి తీత మధ్యలో ఉంది కాబట్టి ఆ రోజు పొద్దున్నే వెళ్తే చాలనుకుంది మరియమ్మ. కొత్త కంపెనీలో చౌకగా దొరికింది, చేసిచ్చాను. గన్నవరం దాకా సుభాని అన్న కారు మాట్లాడాను.

ఆ రోజు నేను గది ఊడ్చి కూర్చునేసరికి ఆయన దగ్గర్నించి ఫోను.

"మీరాబీ, ఇక్కడ గేటు కాడ లోపలికి పోనియ్యట్లా."

"ఎందుకన్నా? ఆధార్ కార్డు మరిచిపోయిందా?"

"మరిచిపోలా. కార్డు సువార్తమ్మది, టికెట్టు మరియమ్మది."

"సువార్తమ్మ ఎవరు?"

"మరియమ్మ వాళ్ళక్క. మరియమ్మ నిన్న చేలో గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుందంట. ఈమె బదులొచ్చింది. నాకూ కార్లో ఎక్కినాకే చెప్పింది. నాకేం తెలుసు, సరేలే అనుకున్నా."

ఇంతలో ఫోను సువార్తమ్మ లాక్కుంది. "ఏమ్మా, నువ్వన్నా చెప్పు ఈ తుపాకీ బాబుకి! ముఠాలో ఒకతి రాకపోతే ఇంకొకతి వచ్చిద్దా, రాదా? రైతు ఏమన్నా అంటాడా? కాయ కోసే చేతులు కావాల గానీ ఎవరి చేతులైతే ఏంది? ఒక సీటు, ఒక మనిషి. పైగా నేను దానికన్నా బరువు తక్కువ!"

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. విమానం టికెట్టులో పేరు మార్చడం కుదరదు పెద్దమ్మా, దాంట్లో ఒకరికి బదులు ఇంకొకరు ఎక్కలేరు అని మెల్లగా చెప్పాను. ఆమె అడిగింది, "అయితే మా రూతు కాడికి ఎవరు పోవాల?"

కంప్యూటర్ చూశాను. కొత్త కంపెనీ విమానం ఇంకాసేపట్లో వెళ్ళిపోతుంది, దానికి అమ్మకాలు మూసేశారు. వాళ్ళదే సాయంత్రం విమానం సగం ఖాళీ, కానీ అది చేరేసరికి ఆపరేషను అయిపోతుంది. మధ్యలో ఉన్నది పాత కంపెనీ విమానం ఒక్కటే. దానికి సోల్డ్ ఔట్ అని చూపిస్తోంది.

గేటు బయట రెండు కంపెనీల టికెట్టు కిటికీలు పక్కపక్కనే ఉంటాయి. సువార్తమ్మని కొత్త కంపెనీ కిటికీకి వెళ్ళి ఫోను అక్కడి అమ్మాయికి ఇమ్మన్నాను. పేరు పావని. "మేడం, మా ఈవినింగ్ ఫ్లైట్‌లో వెంటనే చేసిస్తానండి," అంది. అది అమ్మడమే ఆమె ఉద్యోగం. నేను ఆపరేషను సంగతి చెప్పాను. "లైన్లో ఉండండి," అని కిటికీ మూసి బయటికి వచ్చింది.

పక్క కిటికీ ఆయన మాట నాకు ఫోన్లో వినపడుతూనే ఉంది. "ఏంటి పావనిగారూ, మా దగ్గర ఉద్యోగానికొచ్చారా?"

"ఇంకా అంత కర్మ పట్టలేదులెండి. గో-షో ఏమన్నా ఉంటుందా?"

"మీ సాయంత్రం ఫ్లైట్ ఖాళీగా పోతందంటగా. దాంట్లో ఎక్కించుకోండి."

"నాలుగింటికల్లా ఈ పెద్దమ్మ ఆస్పత్రిలో ఉండాలండి. మీ ఫ్లైటైతేనే అందుతుంది. చూడండి ప్లీజ్."

టికెట్టు కొని రాని మనిషిని నో-షో అంటారు. ఆ మిగిలిన సీటుని విమానాశ్రయంలోనే కొనుక్కుని ఎక్కే మనిషి గో-షో. కౌంటర్ మూసే సమయం దాకా అది తేలదు. సీటు తేలితే ఇస్తానన్నాడు ఆయన. ఆ ఎదురుచూపులో నేను చదవగలిగినన్ని దువాలు చదివాను. అక్కడ సువార్తమ్మ "ప్రభువా, ప్రభువా" అంటోందని సుభాని అన్న చెప్పాడు. పావని తన కిటికీకీ, పక్క కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉందట. చివరికి ఒక కుటుంబం రాలేదు. సుభాని అన్న అక్కడికక్కడే డబ్బు కట్టాడు. సువార్తమ్మ తన పేరుతోనే, తన కార్డుతోనే లోపలికి వెళ్ళింది. బాలింత కోసం తెచ్చిన కారప్పొడి డబ్బా చేతిసంచిలో ఉంటే తీసి పారేస్తారని, దాన్ని లగేజీలో వేయించింది కూడా పావనే.

రూతుని లోపలికి తీసుకువెళ్ళే ముందు పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఆ సాయంత్రం పావనికి ఫోను చేసి షుక్రియా చెప్పాను. "మా సీట్లు రేపైనా నింపుకుంటామండి. ఆ అమ్మాయికి ఇవాళే కదా," అంది. సువార్తమ్మ తిరిగొచ్చాక నా గదికి వచ్చి, "సొంత సరుకు పక్కనపెట్టి పక్కోడి సరుకు ఇప్పించిందమ్మా! ఆ పిల్లని మా ముఠాలోకి పంపు, బువ్వ పెట్టి చూసుకుంటాం," అంది.

అప్పటినించీ బుకింగ్ బటన్ నొక్కే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాను, "ఎక్కేది మీరేనా? మీరు రాలేకపోతే ఎవరు వెళ్తారు?" అని. ముఠా పద్ధతి మంచి పద్ధతే, విమానానికే అది తెలియదు. ఇది వృత్తిలో నేర్చుకున్నది. పావని నేర్పింది వేరు. జనం పోటీ పడి అమ్ముకునే చోట కూడా ఎదుటి మనిషికి ఏది అవసరమో అదే చూపించొచ్చు. అలా చేస్తే మనకి నష్టం రావచ్చు, అయినా చేయొచ్చు.

పత్తి తీతలు మళ్ళీ వచ్చే లోపే కొత్త కంపెనీ బెంగుళూరు దారి మానుకుంది. లాభం లేదన్నారు. ఆ వెంటనే పాత కంపెనీ ధర లేచింది, నా మెట్లెక్కే కూలివాళ్ళు మళ్ళీ బస్సుల దగ్గరికి వెళ్ళారు. పావని కిటికీకి షట్టర్ వేశారు. ఆమె నంబరు పలకడం లేదు. ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందో, పని దొరికిందో లేదో కూడా నాకు తెలియదు.

ఇది చదివేవాళ్ళు మసీదుకి వెళ్ళేవాళ్ళు కావచ్చు, చర్చికో గుడికో వెళ్ళేవాళ్ళు కావచ్చు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు కావచ్చు. మీ మనసులో ఒక్క నిమిషం పావని అనే అమ్మాయిని తలుచుకోండి. ఎక్కడున్నా ఆమెకి మంచి ఉద్యోగం ఉండాలని కోరుకోండి.